జీపీఎస్ డేటాతో ఏ రోడ్డు ఏ వేళలో స్తంభిస్తుందో తేల్చడం ఎలా? స్పీడు కాలమ్ సగటు ఎందుకు పనికిరాదు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగులను తిప్పే 400 క్యాబుల జీపీఎస్ డేటా, మూడు నెలలది, సీఎస్వీ ఫైళ్ళుగా మీ దగ్గరుంది. ఏ రోడ్డు మీద ఏ వేళలో ట్రాఫిక్ ఆగిపోతోందో చెప్పాలి. స్పీడు కాలమ్‌కి సగటు తీసి మ్యాపు మీద రంగులు వేశారు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్ళే రోడ్డు ఒకే గంటలో ఎర్రగానూ పచ్చగానూ కనిపిస్తోంది. మాదాపూర్‌లో అర్ధరాత్రి జామ్ చూపిస్తోంది. తప్పు ఎక్కడుంది, దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనాలా అని అడిగారు.

సూటిగా జవాబు: లెక్కకు తీసుకోవాల్సింది జీపీఎస్ పాయింటును కాదు, ఒక బండి ఒక రోడ్డు ముక్కను దాటడాన్ని. ప్రతి ట్రిప్పునూ ముందు రోడ్డు మ్యాపుకు అతికించాలి. దీన్నే మ్యాప్ మ్యాచింగ్ అంటారు. ఆ తర్వాత ఆ బండి ఒక్కో రోడ్డు ముక్కలోకి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి బయటపడింది అన్నది తీయాలి. ఆ సమయాలను 15 నిమిషాల గడుల్లో పోసి, అదే ముక్కకు ఖాళీ రోడ్డు మీద పట్టే సమయంతో పోల్చాలి. స్పీడు కాలమ్‌ను డేటా శుభ్రం చేసేటప్పుడు సరిచూసుకోవడానికి వాడుకోండి, ఫలితం మాత్రం దాని నుంచి తీయకండి. సాఫ్ట్‌వేర్ ఏదీ కొనక్కర్లేదు, ఉచితంగా దొరికేవే సరిపోతాయి.

ఇప్పుడు కారణాలు. స్పీడు కాలమ్ సగటు ఎప్పుడూ తప్పే అని చాలామంది అంటారు, అది పూర్తిగా నిజం కాదు. ఒక కిలోమీటరు రోడ్డు మీద రెండు బండ్లు వెళ్ళాయనుకోండి, ఒకటి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో, ఇంకొకటి 40తో. రెండూ 10 సెకన్లకొక పింగ్ (స్థానం, వేగం, సమయం చెప్పే ఒక సందేశం) పంపుతున్నాయి. మొదటిది 360 సెకన్లు తీసుకుంటుంది, 36 పింగులు. రెండోది 90 సెకన్లు, 9 పింగులు. ఈ 45 పింగుల సగటు 16. అసలు జవాబు కూడా 16 కిలోమీటర్లే, ఎందుకంటే రెండూ కలిసి 2 కిలోమీటర్లను 450 సెకన్లలో దాటాయి. అంటే పింగులు కచ్చితంగా ఒకే వ్యవధితో వస్తే సగటు సరిగ్గానే వస్తుంది. తప్పు వచ్చేది రెండు బండ్ల వేగాలను తీసుకుని 10, 40 కలిపి రెండుతో భాగించి 25 అన్నప్పుడు. మ్యాప్ మ్యాచింగ్ అంతా చక్కగా చేసి, చివర్లో ఈ 25 దగ్గర జారిపడేవాళ్ళు ఎక్కువ. వేగాలకు సగటు తీయకండి, సమయాలకు తీయండి. 6 నిమిషాలు, 1.5 నిమిషాలు, సగటు 3.75 నిమిషాలు, దాన్నుంచి వేగం 16.

మరి మీ మ్యాపు ఎందుకు తప్పింది? పింగులు ఒకే వ్యవధితో రావు కాబట్టి. చాలా ట్రాకర్లను (బండిలో బిగించే జీపీఎస్ పరికరాలను) డేటా ఖర్చు తగ్గడానికి బండి మలుపు తిరిగినప్పుడో, కొంత దూరం కదిలాకో మాత్రమే పింగ్ పంపేలా పెడతారు. బండి నిలబడితే కొన్ని అసలు నోరు విప్పవు. సిగ్నల్ ముందు 500 మీటర్ల ముక్క తీసుకోండి. బండి 60 సెకన్లు ఆగింది, 60 సెకన్లు 30 వేగంతో నడిచింది. నిజమైన వేగం 15. ఆగినంతసేపూ ట్రాకర్ పింగ్ పంపకపోతే మీ సగటు 30 అంటుంది. ట్రాఫిక్ ఎక్కువ ఆగే చోటే రోడ్డు ఎక్కువ పచ్చగా కనిపిస్తుంది. దీనికి ఉల్టాగా, ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని షిఫ్టు దిగేవాళ్ళ కోసం గేటు బయట నిలబడిన క్యాబు గంటసేపు సున్నా పంపుతూనే ఉంటుంది. మాదాపూర్ అర్ధరాత్రి జామ్ అదే అయివుండాలి.

మొదటి పని: ఫైళ్ళను అనుమానంతో చూడటం

ముందు ఒక్కో బండికి వరుస పింగుల మధ్య ఎన్ని సెకన్ల తేడా ఉందో హిస్టోగ్రామ్ (ఏ తేడా ఎన్నిసార్లు వచ్చిందో చూపే స్తంభాల చార్టు) గీయండి. 10 దగ్గర ఒకే స్తంభం నిలబడితే అదృష్టం. 10, 30, 60, 600 దగ్గర విడివిడిగా స్తంభాలు కనిపిస్తే బండ్లకు రకరకాల సెట్టింగులున్నాయని అర్థం, ఆ బండ్లను వేరు చేసుకోవాలి.

టైమ్ కాలమ్. ఏఐఎస్-140 (వాహన ట్రాకర్లకు మన దేశ ప్రమాణం) ప్రకారం తయారైన ట్రాకర్లు పంపే సమయం యూటీసీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం. మనది దానికి 5 గంటల 30 నిమిషాలు ముందు. మీ చార్టులో రద్దీ తెల్లవారుజాము 4 గంటలకూ మధ్యాహ్నం 1 గంటకూ శిఖరానికి చేరితే ఇంకేం వెతకనక్కర్లేదు, టైమ్ మార్చడం మర్చిపోయారు. గంట ఒక్కటే మారిస్తే చాలదు. మన ఉదయం 5:30 లోపు ట్రిప్పులన్నీ యూటీసీలో ముందు రోజు తేదీలో ఉంటాయి. తేదీ మార్చకపోతే శనివారం తెల్లవారుజాము ట్రిప్పు శుక్రవారం ఖాతాలో పడుతుంది. నైట్ షిఫ్టు క్యాబుల డేటాకు ఇది చిన్న పొరపాటు కాదు.

సిగ్నల్ లేనిచోట ట్రాకర్ పింగులను దాచుకుని, నెట్‌వర్క్ దొరికాక ఒక్కసారిగా పంపుతుంది. ఏఐఎస్-140 ప్యాకెట్‌లో దీనికొక గుర్తు ఉంటుంది: అప్పటికప్పుడు పంపినదైతే ఎల్, దాచి పంపినదైతే హెచ్. మీ ఫైళ్ళు సర్వరుకు చేరిన టైమ్ ప్రకారం పేర్చి ఉంటే బండి ముందుకూ వెనక్కూ దూకుతున్నట్టు కనిపిస్తుంది. ఎప్పుడూ ట్రాకర్ రాసిన టైమ్ ప్రకారమే పేర్చండి, బండి నంబరూ టైమూ రెండూ కలిసిన నకళ్ళు తీసేయండి. పాత ట్రాకర్లలో తేదీ 19 ఏళ్ళకు పైగా వెనక్కి కనిపిస్తే కంగారుపడకండి. జీపీఎస్ వారాల లెక్క 1024 దగ్గర మళ్ళీ సున్నాకు వస్తుంది, 2019 ఏప్రిల్ 6న అలాగే వచ్చింది. ఆ తేదీకి 1024 వారాలు కలిపితే సరిపోతుంది.

అక్షాంశ రేఖాంశాలు. కొన్ని ట్రాకర్లు డిగ్రీలూ నిమిషాలూ కలిపి 1723.4560 అని రాస్తాయి. అది 17 డిగ్రీల 23.4560 నిమిషాలు, అంటే 17.3909 డిగ్రీలు. దాన్ని 100తో భాగించి 17.2346 అనుకుంటే బండి 17 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది. దశాంశ స్థానాలు కూడా చూడండి. నాలుగు స్థానాలకే కుదిస్తే పాయింట్ల మధ్య కనీస అంతరం 11 మీటర్లు, సర్వీసు రోడ్డునూ మెయిన్ రోడ్డునూ విడదీయడానికి అది చాలదు. ఐదు స్థానాలు కనీసం ఉండాలి.

స్పీడు యూనిట్ కూడా ఒకసారి సరిచూడండి. జీపీఎస్ చిప్ నుంచి నేరుగా వచ్చే వాక్యంలో వేగం నాట్లలో ఉంటుంది. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. పాయింట్ల మధ్య దూరాన్ని సమయంతో భాగించి కాలమ్‌తో పోల్చండి. ఖాళీ రోడ్డు మీద నిష్పత్తి 1.85 చుట్టూ తేలితే యూనిట్ తేడానే.

ఇక తీసేయాల్సినవి: ఫిక్స్ లేని (స్థానం దొరకని) వరుసలు, సున్నా-సున్నా స్థానాలు, నాలుగు కన్నా తక్కువ ఉపగ్రహాలు, హెచ్‌డీఓపీ (ఉపగ్రహాల అమరిక వల్ల స్థానంలో వచ్చే తప్పుకు కొలత, పెరిగితే తప్పు ఎక్కువ) 4 దాటినవి, వరుస పాయింట్ల మధ్య వేగం గంటకు 150 కిలోమీటర్లు దాటేలా దూకినవి. బండి నిలబడి ఉన్నప్పుడు హెడింగ్ (బండి దిశ) కాలమ్‌ను నమ్మకండి. వేగం 5 లోపు ఉంటే అది గాలివాటం. నిలబడ్డ బండి స్థానం కూడా కొన్ని మీటర్ల మేర అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగుడును దూరంగా కూడితే పార్కింగ్‌లో ఉన్న బండి రాత్రికి రాత్రి కిలోమీటర్లు తిరిగినట్టు వస్తుంది.

ఎక్సెల్ జోలికి మాత్రం వెళ్ళకండి. 400 బండ్లు, రోజుకు 14 గంటలు, 10 సెకన్లకొక పింగ్ అంటే రోజుకు దాదాపు 20 లక్షల వరుసలు. ఎక్సెల్ షీటులో పట్టేది 10,48,576. మూడు నెలలకు 18 కోట్లు. సీఎస్వీలను పార్కే (పెద్ద డేటాను కుదించి దాచే) ఫార్మాట్‌లోకి మార్చి డక్‌డీబీ అనే ఉచిత డేటాబేస్‌తో చదివితే 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు.

ట్రిప్పులుగా కోయడం

రెండు పింగుల మధ్య 3 నిమిషాలకు మించి ఖాళీ ఉంటే అక్కడ కోయండి. ఒకేచోట 5 నిమిషాలు దాటి నిలబడితే కోయడమూ మామూలుగా చేసేదే, కానీ హైదరాబాద్‌లో ఈ రెండో నియమాన్ని కళ్ళు మూసుకుని వాడకూడదు. గట్టి వాన పడిన సాయంత్రం బండి పది నిమిషాలు కదలకుండా నిలబడగలదు. దాన్ని పార్కింగ్ అనుకుని తీసేస్తే మీరు వెతుకుతున్న జామ్‌నే తీసేసినట్టు.

దీనికి నేను నమ్మే పరీక్ష ఒకటే: జామ్ అయితే అందరూ ఆగుతారు. ఆ ముక్కలో అదే 15 నిమిషాల్లో మిగతా క్యాబులు మామూలుగా దాటిపోతే ఆ ఒక్కటి నిలబడింది పికప్ కోసమే. వాటికీ ఆలస్యమైతే అది ట్రాఫిక్. ఇంజిన్ ఆగిపోయిన గుర్తు కూడా సాయపడుతుంది, కానీ మీ క్యాబుల్లో ఏసీ కోసం ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి దానిమీదే ఆధారపడకండి. కంపెనీ గేట్ల జాబితా ఉంటే ఒక్కో గేటు చుట్టూ 75 నుంచి 100 మీటర్ల వలయం గీసి, అందులో ఆగిన ట్రిప్పుల సమయాన్ని పక్కన పెట్టండి.

మ్యాప్ మ్యాచింగ్, అసలు కష్టమంతా ఇక్కడే

ఆరుబయట ఫోన్ జీపీఎస్ కూడా 5 మీటర్ల లోపు స్థానం చెప్పగలదు. అమీర్‌పేటలో మెట్రో పట్టాల కింద, ఎత్తైన భవనాల మధ్య, సిగ్నల్ గోడలకు తగిలి తిరిగొచ్చి 20, 30 మీటర్లు తప్పడం మామూలే. అందుకని ప్రతి పాయింటునూ దగ్గర్లోని రోడ్డుకు అతికించే పద్ధతి పనిచేయదు. బండి మెయిన్ రోడ్డు మీద పోతుంటే ఒక పాయింటు సర్వీసు రోడ్డుకు, ఇంకొకటి అడ్డంగా వచ్చే గల్లీకి అతుక్కుంటుంది.

మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో న్యూసన్, క్రమ్ 2009లో ప్రకటించిన హిడెన్ మార్కోవ్ పద్ధతే ఈనాటికీ చాలా టూళ్ళకు పునాది. ట్రిప్పు మొత్తాన్ని ఒకేసారి చూస్తుంది. పాయింటు రోడ్డుకు ఎంత దూరంగా పడింది, రెండు పాయింట్ల మధ్య రోడ్డు మీద దూరం గాలిలో దూరానికి ఎంత దగ్గరగా ఉంది అన్న రెండింటినీ తూచి, అన్నిటికన్నా నమ్మదగిన దారిని ఎంచుకుంటుంది. వల్హల్లా, ఓఎస్ఆర్ఎం అనే దారులు లెక్కించే సాఫ్ట్‌వేర్లు రెండూ ఇలాంటి పద్ధతే వాడతాయి, రెండూ ఉచితం. రోడ్డు మ్యాపుకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (ఎవరైనా సరిదిద్దగల ఉచిత మ్యాపు) చాలు. జియోఫాబ్రిక్ సైట్‌లో భారతదేశం దక్షిణ జోన్ ఫైలు దించుకుంటే తెలంగాణ అందులోనే ఉంటుంది.

డిఫాల్టు సెట్టింగులతో నడపకండి. ఓఎస్ఆర్ఎంలో ఒక్కో పాయింటుకు అనుకునే తప్పు 5 మీటర్లు. మన నగరాలకు అది తక్కువ, 10 నుంచి 15 ఇవ్వండి. వల్హల్లాలో సిగ్మా (పాయింటు ఎన్ని మీటర్లు తప్పొచ్చన్న అంచనా) విలువ 4.07 ఉంటుంది, అది న్యూసన్, క్రమ్ తమ సియాటిల్ డేటాకు లెక్కగట్టుకున్నది. మీ డేటాకు మీరే కట్టుకోవచ్చు: పక్కన వేరే రోడ్డు లేని తిన్నటి రోడ్డు మీద పాయింట్లు రోడ్డుకు ఎంతెంత దూరంలో పడ్డాయో చూసి, ఆ దూరాల మధ్యస్థాన్ని (వరుసలో పేర్చితే నడిమధ్య పడే విలువను) 1.4826తో గుణించండి. నిలబడ్డ బండి పింగులు వరుసగా ఒకేచోట ఉంటే, ముందు పాయింటు నుంచి సిగ్మాకు రెండింతల లోపు ఉన్నవాటిని మ్యాచింగ్‌కు పంపకండి. సమయం లెక్కకు మాత్రం అట్టిపెట్టుకోండి.

పింగ్ వ్యవధి 30 సెకన్ల దాకా ఈ పద్ధతి బాగా నిలబడుతుంది. నిమిషం దాటితే గల్లీలున్న ప్రాంతాల్లో దారి ఊహించడమే అవుతుంది. పరిశోధనల్లో తరచూ వాడే బీజింగ్ టీ-డ్రైవ్ ట్యాక్సీ డేటాలో సగటు వ్యవధి 177 సెకన్లు, దూరం 623 మీటర్లు. దానితో నగరం మొత్తం నాడి చూడొచ్చు కానీ ఒక సిగ్నల్ దగ్గర ఎంత ఆలస్యమో చెప్పలేం.

మ్యాచ్ కాని ట్రిప్పులను చెత్త అని పారేయకండి. అవి ఒకేచోట గుంపుగా కనిపిస్తే మ్యాపులోనే తప్పుంటుంది: కొత్త ఫ్లైఓవర్ ఇంకా ఎక్కించలేదు, వన్‌వే తిరగబడింది, యూటర్న్ మూసేశారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీరే సరిదిద్దితే మీకూ పని అవుతుంది, తర్వాత వచ్చేవాళ్ళకూ పనికొస్తుంది. ఇంకో కారణం అందరికీ తెలిసిందే, రాంగ్ రూట్. వన్‌వేలో ఎదురు వెళ్ళిన బండిని సాఫ్ట్‌వేర్ రెండు కిలోమీటర్లు చుట్టు తిప్పి చూపిస్తుంది. మ్యాచ్ అయిన దారి పాయింట్ల మధ్య దూరానికి రెండింతలు దాటితే ఆ ముక్కను వదిలేయండి.

మెహదీపట్నం-ఆరాంఘర్ చిక్కు

ఇక్కడ పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్ల పొడవునా కింది రోడ్డు నెత్తిమీదే నడుస్తుంది. పైన సిగ్నళ్ళు లేవు, కింద అత్తాపూర్ స్తంభాల మధ్య ఉన్నాయి. అక్షాంశ రేఖాంశాలకు రెండూ ఒకటే. మీ మ్యాపులో ఎరుపూ పచ్చా కలిసి కనిపించడానికి కారణం అదే, ఒకే గీత మీద రెండు రోడ్లు పడ్డాయి.

ఎత్తు కాలమ్ చూసి విడదీద్దామని అందరికీ అనిపిస్తుంది. కుదరదు. జీపీఎస్‌లో నిలువు తప్పు అడ్డం తప్పు కన్నా మామూలుగా ఎక్కువే ఉంటుంది, ఫ్లైఓవర్ ఎత్తు ఆ తప్పులో మునిగిపోతుంది. రెండో ఆలోచన ఇంకా ప్రమాదం: వేగంగా పోయినవాటిని పైన, నెమ్మదిగా పోయినవాటిని కింద వేయడం. అలా చేస్తే పైరోడ్డు ఎప్పుడూ ఖాళీ, కిందిరోడ్డు ఎప్పుడూ జామ్ అని వస్తుంది, ఎందుకంటే మీరే అలా పంచారు. కొలవాల్సినదాన్నే ఆధారంగా పెట్టుకుని డేటాను విడదీయకూడదు.

నమ్మదగిన ఆధారం ర్యాంపు. ట్రిప్పు ఎక్కే చోటూ దిగే చోటూ చూడండి. ర్యాంపు పక్కగా జరిగిన పాయింట్లు కనీసం రెండు ఉంటే పైన అనుకోవచ్చు. మధ్యలో అత్తాపూర్ దగ్గర కుడికో ఎడమకో తిరిగి గల్లీలోకి వెళ్ళిన ట్రిప్పు కింద పోయినట్టే. ఇంకో చక్కటి గుర్తు ఉపగ్రహాల సంఖ్య. కింద పోయే బండికి నెత్తిమీద కాంక్రీటు ఆకాశాన్ని కప్పేస్తుంది. ఉపగ్రహాలు తగ్గుతాయి, హెచ్‌డీఓపీ పెరుగుతుంది. అదే బండి మెహదీపట్నానికి ముందు ఆరుబయట చూపిన సంఖ్యతో పోల్చండి, వేర్వేరు ట్రాకర్ల మధ్య పోలిక వద్దు. ఈ రెండింటితోనూ తేలని ట్రిప్పును లెక్కలో కలపకండి. మూడో వంతు పోయినా పరవాలేదు, మిగిలిందైనా నిజం చెబుతుంది.

ఔటర్ రింగ్ రోడ్డు, దాని సర్వీసు రోడ్ల మధ్యా ఇలాంటి సమస్యే ఉంది గానీ అక్కడ ఇంటర్‌ఛేంజ్‌లు దూరదూరంగా ఉంటాయి, దారి తేల్చడం తేలిక.

రోడ్డు ముక్కలు ఎంత పొడవుండాలి

10 సెకన్లలో 36 వేగంతో బండి 100 మీటర్లు పోతుంది. 50 మీటర్ల ముక్కలు చేస్తే చాలా ముక్కల్లో పింగే ఉండదు, అంకెలన్నీ ఊహించినవే అవుతాయి. ఒక ముక్కలో కనీసం రెండు మూడు పింగులు పడేలా, నగరంలో 200 నుంచి 500 మీటర్లు పెట్టుకోండి.

పొడవు కన్నా సరిహద్దు ఎక్కడన్నదే ముఖ్యం. జంక్షన్ నుంచి జంక్షన్‌కు కోయాలి, అయితే కోత స్టాప్ లైన్ దాటిన తర్వాత, జంక్షన్ అవతలి అంచు దగ్గర పడాలి. స్టాప్ లైన్ ముందు కోస్తే క్యూ రెండు ముక్కల మధ్య చీలిపోతుంది. రెండు పింగుల మధ్య సమయాన్ని దూరాన్నిబట్టి సమానంగా పంచుతాం కదా, సిగ్నల్ దగ్గర ఆగిన 20 సెకన్లలో కొంత అవతలి ముక్కకు జారుతుంది. ఖాళీగా ఉన్న ముక్కకు నింద పడుతుంది. దిశలను ఎప్పుడూ విడివిడిగా ఉంచండి. ఉదయం గచ్చిబౌలి వైపు వెళ్ళే రోడ్డూ గచ్చిబౌలి నుంచి వచ్చే రోడ్డూ ఒకటి కాదు. ఒకే జంక్షన్‌లో తిన్నగా పోయేవాళ్ళకూ కుడికి తిరిగేవాళ్ళకూ ఆలస్యంలో పెద్ద తేడా ఉంటే వాటినీ విడదీయాలి.

దూరాలు కొలవడానికి డిగ్రీలు వాడకండి. హైదరాబాద్ అక్షాంశం దగ్గర రేఖాంశంలో ఒక డిగ్రీ 106 కిలోమీటర్లు, అక్షాంశంలో దాదాపు 111. యూటీఎం (స్థానాలను మీటర్లలో చెప్పే మ్యాపు పద్ధతి) 44 ఉత్తర జోన్‌లోకి మార్చి మీటర్లలో కొలవండి.

ఎన్ని ట్రిప్పులుంటే నమ్మొచ్చు

ఒక ముక్కలో, ఒక 15 నిమిషాల గడిలో ప్రయాణ సమయాల తేడా (ప్రామాణిక విచలనం) సగటులో 25 శాతం ఉంటే, 10 శాతం లోపు తప్పుతో 95 శాతం నమ్మకంగా చెప్పడానికి 24 ట్రిప్పులు కావాలి. తేడా 40 శాతానికి పెరిగితే 62. లెక్క తేలికే: 1.96ను తేడా శాతంతో గుణించి, ఒప్పుకునే తప్పుతో భాగించి, వర్గం చేయండి. ఇక్కడ ట్రిప్పు అంటే ట్రిప్పే. ఒకే బండి పంపిన 36 పింగులు 36 సాక్ష్యాలు కావు, ఒకే సాక్షి 36 సార్లు చెప్పిన మాట.

400 క్యాబులకు ఒక రోజులో ఇంత రాదు. అందుకే మంగళ, బుధ, గురువారాలను ఒక గుంపుగా కలపండి. సోమ, శుక్రవారాలను విడిగా ఉంచండి, శని ఆదివారాలు మరో లెక్క. సంక్రాంతి వారం, గణేశ్ నిమజ్జనం రోజు, బడులకు సెలవులున్న వారాలు, గట్టి వానలు పడిన సాయంత్రాలు ముందే పక్కకు తీసి విడిగా చూడండి. రంజాన్ నెలలో చార్మినార్ చుట్టుపక్కల సాయంత్రాలు మామూలు సాయంత్రాలు కావు. మూడు నెలలను ఒకే ముద్దగా కలిపితే ఇవన్నీ ఒకదాన్నొకటి చెరిపేస్తాయి.

సగటుతో పాటు మధ్యస్థం, 95వ శాతస్థానం (నూటికి 95 ట్రిప్పులు దాని లోపే ఉండే విలువ) కూడా తీయండి. ఉదాహరణకు 4 కిలోమీటర్ల దారి. ఖాళీ రోడ్డు మీద 8 నిమిషాలు, సాయంత్రం సగటు 18, ఇరవై రోజుల్లో పందొమ్మిది రోజులు 30 లోపు. ట్రావెల్ టైమ్ ఇండెక్స్ 18ని 8తో భాగిస్తే 2.25. ప్లానింగ్ టైమ్ ఇండెక్స్ 30ని 8తో భాగిస్తే 3.75. ఉద్యోగులను షిఫ్టుకు చేర్చాల్సినవాళ్ళకు రెండో అంకే కావాలి. రోజూ 18 పట్టే రోడ్డుతో బతకొచ్చు, ఒకరోజు 12, ఒకరోజు 30 పట్టే రోడ్డుతోనే ఇబ్బంది.

ఖాళీ రోడ్డు సమయం అంటే రాత్రి 2 గంటల వేగం అనుకోకండి. ఆ వేళ సిగ్నళ్ళు బ్లింకర్‌లో ఉంటాయి, దాంతో పోలిస్తే పగలు ప్రతి రోడ్డూ జామే. రద్దీ లేని గంటలన్నీ కలిపి, ఆ వేగాల్లో 85వ శాతస్థానాన్ని ప్రమాణంగా పెట్టుకుంటే మేలు. ఉదయం 6 నుంచి 7 మధ్య ఆదివారపు ట్రిప్పులతో దాన్ని సరిచూడండి.

ఈ డేటా చెప్పలేనివి

బండ్ల సంఖ్య చెప్పదు. నెమ్మదిగా పోతున్నాయంటే రోడ్డు నిండిందనే కాదు, గుంత ఉండొచ్చు, డ్రైనేజీ పని జరుగుతుండొచ్చు, పెళ్ళి ఊరేగింపు వెళ్తుండొచ్చు. 2020లో బెర్లిన్‌లో సైమన్ వెకర్ట్ అనే కళాకారుడు చేతిబండిలో 99 ఫోన్లు వేసుకుని ఖాళీ వీధిలో నడిస్తే గూగుల్ మ్యాప్స్ ఆ వీధిని ఎర్రగా చూపించింది. జీపీఎస్ చూసేది ఫోన్ల కదలికనే, రోడ్డును కాదు. ఎన్ని బండ్లు పోతున్నాయో కావాలంటే ముఖ్యమైన నాలుగైదు చోట్ల మనుషులను నిలబెట్టో కెమెరా పెట్టో 15 నిమిషాల చొప్పున లెక్కపెట్టాల్సిందే.

మీ డేటా క్యాబులది, అందరిదీ కాదు. మన రోడ్ల మీద బైకులు ఎక్కువ, అవి కార్ల సందుల్లోంచి సిగ్నల్ ముందుకు చేరుకుంటాయి. క్యాబుకు ఆరు నిమిషాలు పట్టిన చోట బైకుకు మూడే పట్టొచ్చు. కాబట్టి రిపోర్టులో "కార్ల ప్రయాణ సమయం" అని స్పష్టంగా రాయండి. మీ క్యాబులు షిఫ్టు వేళల్లోనే, ఐటీ ప్రాంతాల చుట్టూనే తిరుగుతాయి కాబట్టి దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట గురించి ఈ డేటాతో తీర్పు చెప్పొద్దు. తగినన్ని ట్రిప్పులు లేని ముక్కలను మ్యాపులో బూడిద రంగులో వదిలేయండి. ఖాళీని పక్క ముక్క రంగుతో నింపకండి.

ఫలితాన్ని సరిచూడటం ఖర్చు లేని పని. రెండు మూడు దారుల్లో ఫోన్‌లో సెకనుకొక పాయింటు రాసే యాప్ పెట్టుకుని, రద్దీ వేళల్లో పది పదిహేను సార్లు కారులో వెళ్ళండి. జంక్షన్ దాటిన సమయం పక్కన కూర్చున్నవాళ్ళు కాగితం మీద రాయాలి. మీ లెక్క, ఆ కాగితం 10 శాతం లోపు కలిస్తే పద్ధతి నిలబడ్డట్టు. ఒక జంక్షన్ దగ్గరే తేడా వస్తే ముక్క సరిహద్దు తప్పుగా పడిందేమో చూడండి.

మనుషుల జాడ

ఇవి క్యాబుల పాయింట్లే అయినా, ట్రిప్పు మొదలయ్యేది ఒకరి ఇంటి ముందు. రాత్రి 2 గంటలకు ఒక ఉద్యోగిని ఏ గేటు దగ్గర దిగుతోందో మీ ఫైలులో ఉంది. బండి నంబరు మార్చేస్తే చాలదు. 2014లో న్యూయార్క్ ట్యాక్సీల ట్రిప్పులు బయటికిచ్చినప్పుడు నంబర్లను హ్యాష్‌గా (ఒక సూత్రంతో గుర్తుపట్టలేని అక్షరాల వరుసగా) మార్చారు. సాధ్యమైన నంబర్లు తక్కువ కాబట్టి అన్నిటికీ హ్యాష్ కట్టి అసలు నంబర్లను వెనక్కి లాగేశారు. 2013లో వచ్చిన మరో అధ్యయనంలో 15 లక్షల మంది మొబైల్ జాడల్లో, స్థలమూ సమయమూ కలిసిన నాలుగు పాయింట్లు తెలిస్తే 95 శాతం మందిని విడిగా గుర్తుపట్టొచ్చని తేలింది.

కాబట్టి ట్రిప్పు మొదటి 300 మీటర్లూ చివరి 300 మీటర్లూ విశ్లేషణకు ముందే కత్తిరించండి. బండి నంబరు బదులు ఏ లెక్కతోనూ సంబంధం లేని యాదృచ్ఛిక అంకె వేయండి, దాన్ని రోజూ మార్చండి. ఐదు వేర్వేరు బండ్లు లేని గడిని ఎవరికీ చూపించకండి. ముక్కల వారీ ఫలితాలు తయారయ్యాక ముడి ఫైళ్ళను తాళంలో పెట్టండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది సరే, చట్టం లేకపోయినా ఇది చేయాల్సిన పనే.

మొదలుపెట్టడానికి నగరమంతా ఎత్తుకోకండి. మెహదీపట్నం-ఆరాంఘర్ వద్దు, అది అన్నిటికన్నా కష్టమైంది. గచ్చిబౌలి చుట్టూ ఫ్లైఓవర్ లేని రెండు కిలోమీటర్ల దారి ఒకటి ఎంచుకుని, ఒక్క వారం డేటాతో, పైన చెప్పిన వరుసలో నడిపించండి. అంతకన్నా ముందు పింగుల వ్యవధి హిస్టోగ్రామ్ గీసి, ఏ ట్రాకర్లో, ఎన్ని రకాలున్నాయో ఇక్కడ రాయండి. నిలబడినప్పుడు మీ ట్రాకర్లు పింగులు పంపుతున్నాయా లేదా అన్నది దాన్ని చూస్తే తెలుస్తుంది. ముక్క పొడవు 200 పెట్టాలా 500 పెట్టాలా అన్నది అప్పుడే చెప్పగలను.